నల్లా కాడ స్టేషను

మెట్టుగూడలో కాంతమణి టీచర్ ఇల్లు కనుక్కోవడానికి ఇంటి నంబరు అక్కర్లేదు. ఏ బాల్కనీలో సీడీలు దండగుచ్చి వేలాడదీసి ఉన్నాయో అదే ఆవిడ ఇల్లు. అవన్నీ చెడిపోయిన సీడీలు. పాటలు సగం ఎక్కేసరికి కరెంటు పోయి పాడైనవి కొన్ని, కంప్యూటర్‌కు ఏం పుట్టిందో మధ్యలో మొరాయిస్తే పాడైనవి కొన్ని. పారేయడానికి మనసొప్పక, పావురాలు బెదురుతాయి కదా అని ఆవిడ వాటిని దారానికి కట్టింది. పావురాలు బెదరకపోగా వాటి ముందు తీరిగ్గా కూర్చుని ఈకలు దువ్వుకుని మరీ పోతున్నాయి. దండకు ఎక్కనివి ఆవిడ భర్త నోవహు గారి టీ గ్లాసు మీద మూతలుగా పనికొస్తున్నాయి. మధ్యలో చిల్లు ఉండడం వల్ల ఆవిరి పోవడానికి దారి కూడా ఉందని ఆయన ఆ ఏర్పాటును తెగ మెచ్చుకుంటారు.

బాగా వచ్చిన సీడీలు మాత్రం ఊరు మీద ఉన్నాయి. చర్చి సంఘంలో ఎవరి పెళ్ళిరోజైనా, ఎవరికి ఉద్యోగం వచ్చినా, ఎవరు బండి కొన్నా కాంతమణి టీచర్ చేతి సీడీ ఒకటి అందాల్సిందే. ఆవిడ ముప్పై ఏళ్ళపాటు బోయిగూడలో ఒక చిన్న బడిలో ఒకటో తరగతి చెప్పి రిటైరైంది. కూతురు మేబెల్ చదువు కోసం పార్క్‌లేన్‌లో పార్టులు కొని కట్టించిన కంప్యూటర్, మేబెల్ పెళ్ళి చేసుకుని మౌలాలి వెళ్ళిపోయాక మూగపడి కూర్చుంది. అమ్మకు కాలక్షేపంగా ఉంటుంది కదా అని మేబెల్ వెళ్తూ వెళ్తూ సీడీ కొట్టడం నేర్పింది. తర్వాత రోజుకో ఫోను. "అమ్మడూ, పాట చివర టక్కున తెగిపోతోందే, ఏం చెయ్యాలి?" "అమ్మడూ, ఈ పాట మెల్లగా, ఆ పాట గట్టిగా వినిపిస్తోందే?" ఎందుకు నేర్పానురా దేవుడా అని మేబెల్ చెంపలేసుకుంది.

టీచర్ దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా సీడీ చేయాలంటే, మీకు ఏ పాటలు ఇష్టం అని అడగదు. అడిగితే అందరూ పేరున్న పాటలే చెబుతారు, అందరి సీడీలూ ఒకేలా ఉంటాయి అంటుంది. అందుకని ఏదో ఒక వంక పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి ఓ గంట కూర్చుంటుంది. వాళ్ళు బట్టలు మడత పెడుతూనో, కూర తరుగుతూనో తమకే తెలియకుండా ఏ పాట కూనిరాగం తీస్తారో అది పట్టుకుని వస్తుంది. మనిషి అసలు పాట అదేనని ఆవిడ సిద్ధాంతం. సీడీ తయారయ్యాక మొదటినుంచి చివరిదాకా కుర్చీలో నిటారుగా కూర్చుని ఒకసారి వింటుంది. ఒక్క పాటలో కరకర వచ్చినా అది పావురాల పాలే. వినేటప్పుడు రెప్ప వాల్చదు. అసలు పగలు నిద్ర అంటేనే ఆవిడకు గిట్టదు. క్లాసులో కునికిపాట్లు పడేవాళ్ళను ముప్పై ఏళ్ళు లేపిన మనిషి కదా. మధ్యాహ్నం తన కన్ను కాస్త మూతపడినా బెత్తం తగిలినట్టు ఉలిక్కిపడుతుంది.

ఇంత శ్రమ ఎందుకని నోవహు గారు అప్పుడప్పుడు అడుగుతారు. సరదా అంటుంది ఆవిడ. సరదాయే, కాదని ఎవరన్నారు? కానీ లోపల ఇంకొకటి ఉంది. అది ఆవిడ ఎవరికీ చెప్పలేదు. రిటైరయ్యే ముందు బడి వార్షికోత్సవానికి పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. పదో తరగతికి లెక్కలు చెప్పిన రామభద్రరావు మాస్టారి చుట్టూ పండగే పండగ. ఆయన కాళ్ళకు దండాలు, ఆయనతో ఫోటోలు. కాంతమణి టీచర్ పట్టుచీర కట్టుకుని పక్క కుర్చీలోనే కూర్చుంది. వాళ్ళలో సగం మందికి చేయి పట్టి అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఒకమ్మాయి వచ్చి, "మేడం, ఈ కుర్చీ ఖాళీగా ఉందా?" అని ఆవిడ పక్కనున్న కుర్చీ తీసుకుపోయింది. ఒకటో తరగతి టీచరు ఎవరికి గుర్తుంటుంది? పునాదిలో రాయి ఎవరికి కనబడుతుంది? ఆ మాట తనకు తానే చెప్పుకుని నవ్వేసింది గానీ నొప్పి నొప్పే. ఎవరి చేతిలోనైనా తన సీడీ పెట్టినప్పుడు, వాళ్ళు "అయ్యో, ఇది నా పాటని మీకెలా తెలుసు?" అని మొహం వెలిగించుకున్నప్పుడు, ఆ నొప్పికి కాస్త మందు రాసినట్టుండేది.

ఒకరోజు పొద్దున్నే ఒక భారీ మనిషి వచ్చి తలుపు కొట్టాడు. బుర్రమీసం, చొక్కా మీద గ్రీజు మరక.

"సీడీల మేడం ఇల్లు ఇదేనా? నాకు బోయిగూడల బైకుల మెకానిక్ షాపుంది మేడం. మా చెల్లెకు బిడ్డ వుట్టింది. తొట్టెల ఫంక్షన్ చేస్తున్నం. జెర మంచి సీడీ కొట్టియ్యాలె."

టీచర్ ఆ మనిషిని పైనుంచి కిందికి చూసింది. ఎడమ కనుబొమ్మ మీద గాటు దగ్గర చూపు ఆగింది.

"ఏరా పర్వతాలూ, బల్ల కింద దూరి అవతలివాడి టిఫిన్ డబ్బా ఖాళీ చేసేవాడివి, గుర్తుందా? ఆ గాటు ఆ బల్ల అంచు తగిలినదేగా?"

పర్వతాలు గుడ్లు తేలేశాడు. తర్వాత వంగి కాళ్ళు మొక్కబోయి స్టూలు తన్నుకున్నాడు. "టీచర్! మీరా? సీడీల మేడం అంటె ఎవరో అనుకున్న. గుర్తువట్టలే టీచర్, మాఫ్ చెయ్యండి. ఫస్ట్ క్లాసు ముచ్చట ఎవరికి యాదుంటది చెప్పుండ్రి!"

ఆ మాట అతను మంచి మనసుతోనే అన్నాడు. టీచర్ కూడా నవ్వుతూనే కూర్చోమంది. కానీ చక్కెర డబ్బా కోసం వంటింట్లోకి వెళ్ళినప్పుడు అక్కడ కాసేపు ఊరికే నిలబడింది.

పర్వతాలు టీ తాగుతూ అసలు సంగతి చెప్పాడు. సీడీలో పాటలన్నీ టీచర్ ఇష్టం. ఒక్క పాట మాత్రం కావాలి. చెల్లెలు సుమిత్రను చిన్నప్పుడు వాళ్ళమ్మ విజయమ్మ ఒక పాట పాడి నిద్రపుచ్చేది. సుమిత్రనే కాదు, ఆ గల్లీలో ఎంతమంది పిల్లల్ని ఆ పాటతో పడుకోబెట్టిందో లెక్కలేదు. మొన్నామధ్య ఆమెకు థైరాయిడ్ ఆపరేషన్ అయి గొంతు బొంగురుపోయింది. ఇక పాడనంటోంది.

"పేరేమిటిరా ఆ పాటకి?"

"తెల్వదు టీచర్."

"మాటలు?"

"మాటలు లెవ్వు. ఊ ఊ అని రాగమే. మేమంత అమ్మ పాట అంటం."

ఇంకొకరైతే దండం పెట్టి పంపేసేవారు. కాంతమణి టీచర్ కళ్ళు మెరిశాయి. ఆ సాయంత్రమే బోయిగూడ వెళ్ళింది.

విజయమ్మ గడపలో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. లోపల మంచం మీద సుమిత్ర, పక్కన గుడ్డల్లో పిడికెడంత పసిపిల్ల. టీచర్ అలవాటు ప్రకారం ఓ మూల కూర్చుని చెవులు రిక్కించింది. చేట చప్పుడు తప్ప విజయమ్మ నోట ఏ రాగమూ లేదు. చివరికి అడగక తప్పలేదు.

"వద్దు టీచరమ్మా," అంది విజయమ్మ. గొంతు నిజంగానే గరగరమంటోంది. "కప్ప బెకబెకలాడినట్టు ఒస్తది. గీ గొంతుతోని పాడితె పిల్ల జడుసుకుంటది. అందుకే సీడీ కావాలంటున్న. నా బిడ్డ గా పాటకే పన్నది. నా బిడ్డ బిడ్డ సుత గా పాటకే పండాలని నా ఆశ. ఇంకేం లేదు."

"ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"ఏమో అమ్మా. రేడియోల విన్ననో, సినిమాల విన్ననో. గాలికి ఒచ్చింది, నోట్లె వడ్డది."

టీచర్ బతిమాలగా బతిమాలగా విజయమ్మ గుమ్మం బయటికి వచ్చి, పిల్లకు వినబడకుండా కొంగు అడ్డం పెట్టుకుని, తొడ మీద మెల్లగా తాళం వేస్తూ రాగం తీసింది. గొంతు బొంగురే. రాగం మాత్రం బంగారం. పైకి వెళ్ళి, ఒక చోట ఆగి, మళ్ళీ రెండు మెట్లు దిగి, ఊగుతూ ఊగుతూ వచ్చి కూర్చుంటుంది. టీచర్‌కు అది ఎక్కడో విన్నట్టే ఉంది. ఎక్కడ? నాలుక చివర ఉంది గానీ జారడం లేదు.

"విజయమ్మగారూ, రాగం దొరికిందంటే పాట దొరికినట్టే. తొట్టెల నాటికి మీ పాట మీ ఇంట్లో మోగకపోతే నేను సీడీలు కొట్టడం మానేస్తాను," అనేసింది.

విజయమ్మ మొహం ఇంత చేసుకుని ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. మాట ఇచ్చేశాక ఇక వేట మొదలైంది.

మొదట ఆదివారం ఆరాధన అయ్యాక గిటారు వాయించే రిచర్డ్‌ను పట్టుకుని రాగం పాడి వినిపించింది. "ఆంటీ, ఇది పాత కీర్తన. మా తాతగారు పాడేవారు," అన్నాడు ధీమాగా. పాడమంటే పాడాడు. మొదటి ముక్క ఒకటే, తర్వాత దారి వేరు. మోండా మార్కెట్ దగ్గర క్యాసెట్ల షాపులో పెద్దాయన కళ్ళు మూసుకుని విని, ఇది ఫలానా కాలం నాటి హిందీ పాటేనని ఒట్టు పెట్టి మరీ ఒక క్యాసెట్ అంటగట్టాడు. ఇంటికి తెచ్చి వింటే అది ఏదో విరహ గీతం. పసిపిల్లలు కాదు కదా పెద్దవాళ్ళు కూడా దానికి ఏడుస్తారు. ఇరానీ హోటల్ గల్లా దగ్గర కూర్చునే ఆయన, "యే తో నాత్ హై అమ్మా, ప్రవక్త మీద పాట, మా నానీ పాడేది," అని తలాడించాడు. చేపలమ్మే ఆమె బతుకమ్మ పాట అంది. మేబెల్ ఫోనులో విని ఏదో సబ్బు ప్రకటన అంది. వినడం ఆలస్యం, ఎవరికి వారికి అది సొంత పాటే. ఎవరి పాటా విజయమ్మ పాట కాదు.

ఇంట్లో హార్మోనియం ముందేసుకుని ఆవిడ ఆ రాగాన్నే పొద్దస్తమానం వాయిస్తూ కూర్చుంది. నోవహు గారు గూడ్సు బండి గార్డుగా రిటైరైన మనిషి. బండి చప్పుడు వినకపోతే ఆయనకు అన్నం అరగదు. పేపరు చదువుకుంటూ ఆయన చెప్పుకాలు నేలమీద టకటకలాడించడం మొదలుపెట్టారు.

"మణీ, ఇది పడుకునే పాటలా లేదే. నడిచే పాటలా ఉంది. ఎక్కడో విన్నాను కూడా."

"మీకు అన్నీ బండి చప్పుళ్ళే. జోలపాటకు కాలు ఆడించే మనిషిని మిమ్మల్నే చూశాను. ఊరుకోండి కాస్త, నాకు తాళం తప్పుతోంది," అని కసిరింది.

ఆయన ఊరుకున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నేర్చుకున్న గొప్ప విద్య అదే. ఆవిడ కనుక ఆ క్షణం ఆయన మాట చెవిన పెట్టి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ఎందుకు పెడుతుంది? భర్త మాట చెవిన పెట్టే అలవాటు ఆవిడకు మొదటినుంచీ లేదు.

ఫంక్షన్ దగ్గరపడింది. పాట దొరకలేదు. హార్మోనియం మీద రాగం వాయించి అదే ఎక్కించేస్తే పోలా అన్నారు నోవహు గారు. "గొంతు లేకుండా పాటేమిటండీ? అది సెల్‌ఫోన్ రింగ్‌టోన్ అవుతుంది," అని ఆవిడ ఒప్పుకోలేదు. మిగతా పాటలన్నీ ఎంచి ఎంచి ఎక్కించింది. సుమిత్ర పిల్లకు తల తుడుస్తూ కూనిరాగం తీసినవి, పర్వతాలు టీ తాగుతూ తీసింది, ఇంకా మంచి మంచి జోలపాటలు. చివర ఒక పాట పట్టేంత చోటు ఖాళీగా వదిలేసింది. ఆ సీడీని సంచిలో పెట్టుకుని బయల్దేరుతుంటే పరీక్ష తప్పినవాళ్ళు మార్కుల కాగితం ఇంటికి తీసుకెళ్తున్నట్టుంది ఆవిడ మొహం.

"సీడీలు మానేస్తారా ఇక?" అన్నారు నోవహు గారు, వాతావరణం తేలిక చేద్దామని.

"మాట మాటే," అంది ఆవిడ.

బోయిగూడ గల్లీలో షామియానా వేశారు. గల్లీ గల్లీ అంతా అక్కడే. నట్టింట్లో దూలానికి కొత్త టేకు తొట్టెల వేలాడుతోంది. దాన్ని చేసినవాడు వడ్రంగి బ్రహ్మచారి, పర్వతాలు ఈడువాడు, అతనూ టీచర్ దగ్గర ఒకటో తరగతి చదివినవాడే. తొట్టెలకు పూలదండలు, చిలకలు, గలగలలాడే గిలక్కాయలు. ఆడవాళ్ళు పసిపిల్లను తొట్టెల కింది నుంచి ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి అందించుకున్నారు. చెవిలో పేరు చెప్పారు. గుగ్గిళ్ళు పంచారు. డెక్కులో సీడీ మోగుతోంది. "గీ పాట నాకిష్టమని ఎట్ల తెలిసింది టీచర్ మీకు!" అని సుమిత్ర మురిసిపోయింది. మామూలుగా అయితే ఆ మాటకు టీచర్ రెండు రోజులు గాల్లో తేలేది. ఇవాళ గుగ్గిళ్ళు కూడా చేతిలో అలాగే ఉండిపోయాయి.

చివరి పాట అయిపోయింది. డెక్కు కిచకిచమని ఆగింది. విజయమ్మ ఆశగా ఆవిడ వైపు చూసింది.

టీచర్ లేచి ఆమె దగ్గరికి వెళ్ళింది. "దొరకలేదు విజయమ్మగారూ. తిరగని చోటు లేదు, అడగని మనిషి లేడు. మాట ఇచ్చి నిలబెట్టుకోలేకపోయాను. క్షమించండి."

"అయ్యో, గంతదానికి పరేషాన్ ఎందుకమ్మా. పోనియ్," అంది విజయమ్మ. కానీ ఆమె మొహంలో దీపం ఆరిపోవడం టీచర్ చూసింది. అంతకంటే ఆమె నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

సరిగ్గా అప్పుడే తొట్టెల్లో పిల్ల ఏడుపు అందుకుంది. మామూలు ఏడుపు కాదు, షామియానా లేచిపోయే ఏడుపు. సుమిత్ర ఎత్తుకుంటే ఆగలేదు. ముసలమ్మలు గిలక్కాయ ఆడిస్తే ఇంకా ఎక్కువైంది. సీడీ మళ్ళీ పెట్టారు, లాభం లేదు. పర్వతాలు తల్లి దగ్గరికి వచ్చి బతిమాలాడు.

"అమ్మా, నువ్వే పాడరాదె. గొంతు ఎట్లుంటె ఏంది?"

విజయమ్మ కాసేపు తటపటాయించింది. తర్వాత తొట్టెల గొలుసు పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ బొంగురు గొంతుతోనే రాగం ఎత్తుకుంది. పిల్ల ఆగలేదు. పర్వతాలుకు కంగారు పుట్టి ఇంకో వైపు గొలుసు పట్టుకుని ఊపడం మొదలుపెట్టాడు. మెకానిక్ చెయ్యి, దానికి మెల్లగా అన్న సంగతి తెలియదు. తొట్టెల జోరు పెరిగింది. తొట్టెల జోరుకు విజయమ్మ రాగం జోరు కూడా పెరిగింది. ఊ ఊ అన్నది ఊ-ఊ-ఊ-ఊ అయింది. గిలక్కాయలు గలగల, గలగల, గలగల.

టీచర్ కుడికాలు తనంతట తానే లేచింది. మళ్ళీ దిగింది. ఎడమకాలు లేచింది. నిలబడ్డ చోటే ఆవిడ నడుస్తోంది. ఇదేమిటి, ఇంత వయసొచ్చి, నలుగురిలో ఈ గంతులేమిటి అనుకుంది గానీ కాళ్ళు వినడం లేదు. చెయ్యి కూడా లేచింది, ముందు నిలబడి దారి చూపించేవాళ్ళ చెయ్యిలాగా. ఆ తర్వాత నోరు తెరుచుకుంది.

"కూ అంటూ బండి వచ్చె, చేతులు కడగాలి
నల్లా కాడ స్టేషను, వరుసన నిలవాలి..."

తన గొంతు తనకే వింతగా వినబడింది. ఇంట్లో అందరూ అటు తిరిగారు. పర్వతాలు చెయ్యి గొలుసు మీదే ఆగిపోయింది. బుర్రమీసం కింద నోరు మెల్లగా తెరుచుకుంది.

"ముందువాని చొక్క వట్టు, తొయ్యకు తొయ్యకు..." అన్నాడతను, నిద్రలో మాట్లాడినట్టు.

"గోరులోని మన్ను పోందె బువ్వ ముట్టకు!" అని గుమ్మం దగ్గర్నుంచి బ్రహ్మచారి అరిచాడు.

అప్పుడు గుర్తొచ్చింది టీచర్‌కు. మొత్తం గుర్తొచ్చింది. బడిలో అప్పట్లో ఒకటే నల్లా. అన్నం గంట కొట్టగానే పిల్లలు ఆ నల్లా మీద పడి తోసుకుని, పళ్ళు రాలగొట్టుకునేవాళ్ళు. ఒకరోజు విసిగిపోయి అప్పటికప్పుడు ఒక పాట కట్టింది. పిల్లలంతా బండి పెట్టెలు. ఒకరి చొక్కా ఒకరు పట్టుకోవాలి. అందరికంటే ముందువాడు టీచర్ కొంగు పట్టుకోవాలి. పాట పాడుకుంటూ వరండా చుట్టూ తిరిగి నల్లా దగ్గర ఆగాలి. కొన్నేళ్ళు అలా నడిచింది. తర్వాత బడికి కొత్త ట్యాంకు కట్టి వరుసగా నల్లాలు పెట్టారు. బండి అవసరం తీరిపోయింది. అలాంటి పాటలు ఆవిడ ఎన్ని కట్టిందో, ఎన్ని మరిచిపోయిందో. పలక తుడిచినట్టు తుడిచేసుకుని మళ్ళీ కొత్త పిల్లలకు కొత్త పాట.

"అరె!" అంది విజయమ్మ నుదురు కొట్టుకుని. "గీడు బడికెల్లి ఒచ్చి, చెల్లె తొట్టెల ఊపుకుంట పొద్దుమాపు గిదే పాడుతుండె! గంత జోరుగ పాడితె పిల్ల పండదని నేను జెర నిదానం చేసిన. మాటలు ఎప్పుడు పోయినయో, రాగమొక్కటే మిగిలింది. టీచరమ్మా, గిది నీ పాటనా?"

టీచర్ తలూపింది. సికింద్రాబాదంతా తిరిగి తను వెతికింది తన పాటనే. ఒకటో తరగతి ముచ్చట ఎవరికి యాదుంటది అనుకుంది. ఈ గల్లీ పిల్లలంతా తన పాట వింటూ నిద్రపోయారు, తన పాట అని ఎవరికీ తెలియకుండా, తనకు కూడా తెలియకుండా. కళ్ళనీళ్ళు గిర్రున తిరిగాయి. సంతోషం ఇంత బరువుగా ఉంటుందని ఆవిడకు ఆ రోజే తెలిసింది.

పర్వతాలు ఆవిడ వెనక్కి వచ్చి నిలబడ్డాడు. కాస్త సిగ్గుపడి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, పట్టుచీర కొంగు చివర రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. "షురూ చెయ్యండి టీచర్. ఇంజన్ తయ్యార్." అతని చొక్కా బ్రహ్మచారి పట్టుకున్నాడు. షామియానాలోంచి ఇంకెవరెవరో లేచి వచ్చారు, బట్టతలలు, బొజ్జలు, చంకలో పిల్లలతో ఆడవాళ్ళు. ఒకరి వెనక ఒకరు. ఎవరికీ ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఎవర్నీ తొయ్యలేదు. బండి తొట్టెల చుట్టూ తిరిగి, వంటవాళ్ళ మధ్య నుంచి దూరి, గల్లీలోకి వెళ్ళి, మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర స్టేషనులో ఆగి, మళ్ళీ తిరిగి వచ్చింది. నోవహు గారు ఊరుకుంటారా? రుమాలు ఊపుతూ, నోటితో ఈల వేస్తూ చివరి పెట్టె వెనకాల నడిచారు. గార్డు లేని బండి ఎక్కడుంది?

తొట్టెల్లో పిల్ల ఈ గోల విని ఏడవడం మరిచిపోయింది. కళ్ళు గుండ్రంగా చేసుకుని తన చుట్టూ తిరుగుతున్న వింత చూసింది. అందరూ ఆయాసపడి ఆగాక విజయమ్మ గొలుసు పట్టుకుంది. అదే పాట మళ్ళీ నిదానంగా పాడింది, ఈసారి మాటలతో, ఆ బొంగురు గొంతుతోనే. పిల్ల ఏమీ జడుసుకోలేదు. నల్లా కాడ స్టేషను దాటకముందే నిద్రపోయింది.

"నీ పాటను కరాబు చేసిన్నా టీచరమ్మా?" అని అడిగింది విజయమ్మ మెల్లగా.

"నేను పరిగెత్తే పిల్లల్ని ఆపడానికి కట్టాను. మీరు ఆగిన పిల్లల్ని నిద్రపుచ్చారు. నాకంటే మీరే బాగా వాడుకున్నారు," అంది టీచర్. "రేపు పొద్దున మా ఇంటికి రావాలి మీరు. కంప్యూటర్ దగ్గర మైకు ఉంది. ఆ ఖాళీలో పట్టాల్సిన గొంతు మీదే."

మర్నాడు విజయమ్మ వచ్చింది. పక్కింట్లో మిక్సీ ఆగేదాకా కాచుకుని, ఫ్యాను ఆపేసి, కిటికీలు మూసి, చెమటలు కక్కుతూ పాట రికార్డు చేశారు. మొదట నిదానంగా విజయమ్మ. ఆ వెనకే జోరుగా టీచర్, పర్వతాలు, గొంతు కలపమని ఎవరూ అడగకపోయినా నోవహు గారి ఈల. కరెంటు పోలేదు, కంప్యూటర్ మొరాయించలేదు. సీడీ ఒక్కసారికే వచ్చింది. దాని మీద మార్కరుతో 'విజయమ్మ పాట' అని రాసింది టీచర్. విజయమ్మ చూసి కాదు కాదు టీచరమ్మ పాట అని రాయమంది. ఇద్దరూ కాసేపు నీదంటే నీదని తగవు పడ్డారు. చివరికి రెండు పేర్లూ పట్టేలా ఇరికించి రాసింది. విజయమ్మను, పర్వతాలును భోజనానికి కూర్చోబెట్టి, సీడీ సాయంత్రం పంపుతానంది. ఇచ్చేముందు ఒకసారి వినాలి కదా, పద్ధతి పద్ధతే.

వాళ్ళు వెళ్ళాక మధ్యాహ్నం కుర్చీలో నిటారుగా కూర్చుని సీడీ పెట్టుకుంది. పాటలు ఒక్కొక్కటే వచ్చాయి, ఒక్కటి కూడా కరకరలాడలేదు. బాల్కనీలో పావురాలు సీడీల ముందు సింగారించుకుంటున్నాయి. చివరి పాట మొదలైంది. బొంగురు గొంతు మెల్లగా ఊగుతూ వచ్చింది. కూ అంటూ బండి వచ్చె.

నోవహు గారు టీ తీసుకుని వచ్చేసరికి ఆవిడ తల పక్కకు వాలి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. పట్టపగలు, క్లాసు నడుస్తుండగా, కాంతమణి టీచర్ నిద్రపోతోంది. ఆయన లేపలేదు. టీ గ్లాసు మీద ఒక పాత సీడీ మూత పెట్టి, జోరు పాట వచ్చేలోపే డెక్కు దగ్గరికి వెళ్ళి, ఆ నిదానం పాటను మళ్ళీ మొదటినుంచి పెట్టారు.